పాకెట్టు మీది పుట్టమ్మ

తమిళనాట ధర్మపురి బస్టాండు వెనక సందులో ఉలవపొడి అమ్ముకునే అంజనప్పకూ, పాప్ సంగీతానికీ పుట్టుకతో వచ్చిన చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఎరిగిన సంగీతమల్లా జాతరలో పంబ, పెళ్ళిళ్ళలో మేళం, ఇంట్లో మిరపకాయలు వేయించేటప్పుడు భార్య పుట్టమ్మ దగ్గే దగ్గు. అయినా విధి తలచుకుంటే ఎవరినైనా ఏ విద్యలోనైనా పండితుణ్ణి చేయగలదు. అంజనప్ప విషయంలో అది ఆ సాహసానికి ఒడిగట్టింది.

అసలు ఊరు పిక్కిలి. అక్కడ మెట్ట పొలం ఉండేది. వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్ళలో బోరు కూడా అదే మర్యాద పాటించింది. అంజనప్ప పొలాన్ని తమ్ముడికి అప్పజెప్పి, పెళ్ళాన్నీ కూతురు శాలినినీ వెంటబెట్టుకుని ధర్మపురికి దిగాడు. ఊరి నుంచి వెంట తెచ్చుకున్న ఆస్తి రెండు మూటల ఉలవలు, పుట్టమ్మ చేతి రుచి. ఆమె ఉలవలనూ ఎండుమిరపకాయలనూ ఇనప మూకుట్లో వేయించి, వెల్లుల్లీ ఉప్పూ రవ్వంత చింతపండూ చేర్చి మిషను పట్టించేది. ఆయన కాగితం పొట్లాలు కట్టి బస్టాండులో కండక్టర్లకూ, మెస్సులకూ అమ్మేవాడు. ముద్దలో నంజుకున్నవాడు రెండో ముద్ద అడిగేవాడు. అంతకు మించి ఆ పొడికి బిరుదులేవీ లేవు.

పుట్టమ్మకు ఇంకో ఉద్యోగం ఉండేది. దానికి జీతం లేదు, సెలవూ లేదు. చుట్టుపక్కల వీధుల్లో ఎవరు పోయినా, అరవవాళ్ళు కానీ మనవాళ్ళు కానీ, ఆమె అక్కడ ఉండేది. సావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి రాగి గంజి కుండతో వెళ్ళేది. ఏడ్చి ఏడ్చి సోలిపోయినవాళ్ళ నడుం పట్టుకుని కూర్చోబెట్టి గుక్కెడు తాగించేది. పోయింది ఆడమనిషైతే నీళ్ళు పోయడానికి చేతులు ముందుకు చాపేది. పిలుపు కోసం ఎన్నడూ ఎదురు చూడలేదు. కొన్ని ఇళ్ళలో ఆమె ఎవరో ఇంటివాళ్ళకే తెలియదు. "మీ తట్టు చుట్టమేమో" అని మగపెళ్ళివారు ఆడపెళ్ళివారిని అనుకున్నట్టు రెండు తట్లవాళ్ళూ అనుకునేవారు.

దీనికి కారణం ఆమె తల్లి చావు. ఆ ముసలమ్మ పిక్కిలిలో శెనక్కాయలు పీకే అదనులో పోయింది. నేల పదునుగా ఉంది, ఊరంతా చేలల్లో ఉంది. పాడె మోయడానికి మనుషులు చాలక, రోడ్డు మీద కంకర పోసే కూలీలను పిలుచుకొచ్చారు.

"మా యమ్మను మోసినోళ్ళకు మా యమ్మ పేరే తెలీదు" అనేది పుట్టమ్మ, మూకుట్లో ఉలవలు తిప్పుతూ. "నాకట్ల కాకూడదు. నేను పోయిన పొద్దు ఈ సందు పట్టకుండా జనం రావాల. నిన్ను నగలు అడిగినానా, పట్టు చీర అడిగినానా? ఇదొకటి కట్టాయం, తప్పకుండా జరగాల."

"ఇప్పుడేమి తొందరొచ్చిందే నీకు? ఉలవలు మాడతాండాయి, చూడు."

"మాడనీలే. చెప్పు, వస్తారా రారా?"

"వస్తారు. నువ్వు పోని సావిల్లుండాదా ఈ ఊర్లో?"

ఆమెకు ఆ జవాబు చాలు. ఉలవలు దించేది.

రెండు వేల నాలుగులో, ఒక చిన్న వ్యాపారుల సంఘం వాళ్ళు చెన్నై నుంచి ఒక ఉపన్యాసకుణ్ణి రప్పించారు. కల్యాణ మండపంలో సభ. వేదిక మీద గుడ్డ బ్యానరు. దాని మీద, పాప్ తారల నుంచి చిన్న వ్యాపారులు నేర్చుకోవలసిన పాఠాలు అని అరవంలో రాసి ఉంది. పొంగలూ వడా పెడతారని తెలిసి కొబ్బరికాయల వాళ్ళూ, గొడుగులు బాగుచేసేవాళ్ళూ, ఆటోకు మైకు కట్టి ఊరంతా ప్రకటనలు చదివే మాదేశ్వరనూ వచ్చారు. మాదేశ్వరన్ వడ తిని నిద్రపోయాడు. అంజనప్ప మాత్రం హరికథ వింటున్నవాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. ఆయన నాశనానికి అది నాంది.

చెన్నైలో జూలీ అని ఒక పాటల పిల్ల ఉందట. ఎప్పుడూ కమలాపండు రంగు కళ్ళద్దాలే పెడుతుందట. గోడల మీదా, క్యాసెట్ల మీదా, చొక్కాల మీదా ఒకటే ఫోటో. ఆమె నోరు తెరవక ముందే ఒక చిన్న మోత వినిపిస్తుంది, అది వింటే చాలు ఊరు ఊరంతా వీధిలోకి వస్తుంది. ఆమె ఎక్కడపడితే అక్కడ కనబడదు, కనబడితే విలువ పోతుంది. కొత్త క్యాసెట్టు వచ్చే ముందు వారం రోజులు గోడల మీద ఉత్త మొహం ఒకటే అంటిస్తారు. పేరుండదు, మాటుండదు. ఎందుకు, ఏమిటని జనం కొట్టుకుంటారు. "మొహం చూస్తే చాలాలి, అక్షరాలు చదివే పని ఉండకూడదు. అదే బ్రాండు!" అని ఉపన్యాసకుడు బల్ల గుద్దాడు. మాదేశ్వరన్ ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టాడు.

ఇంటికి రాగానే అంజనప్ప ఈ వేదాంతమంతా భార్యకు విడమరిచాడు.

"ఆ పిల్ల ఏమి అమ్ముతాది?" అంది పుట్టమ్మ.

"పాట."

"పాటను ముద్దలో నంజుకుంటారా?"

"అది కాదు మే. మన పొడికి ఒక మొహం కావాల."

"పొడికి మొహం దేనికి? తినేవానికి నోరుంటే చాలదా?"

పట్టణ జ్ఞానం కలవాడు పల్లె అజ్ఞానాన్ని చూసినట్టు అంజనప్ప ఆమె వంక జాలిగా చూశాడు. ఎవరి మొహం అన్నది తరవాతి సమస్య. కాలేజీలో చదివే శాలిని, "నాయినా, సత్తియంగా చెప్తాండా, నా ఫోటో ఏస్తే నేను కాలేజ్ మానేస్తా, అంతే" అంది. అంజనప్ప సొంత మొహం ప్రస్తావనకు వచ్చింది కానీ, "నీ మొహం చూస్తే ఉప్పెక్కువైందనుకుంటారు" అని పుట్టమ్మ దాన్ని అక్కడే కొట్టిపారేసింది. మిగిలింది ఆమె మొహమే.

స్టూడియోకు చిలకపచ్చ చీర కట్టుకుని వెళ్ళింది. కెమెరా చూడగానే బిగుసుకుపోయింది. ఫోటో మనిషి నవ్వమంటే నవ్వలేదు, బతిమాలినా నవ్వలేదు. అప్పుడు అంజనప్ప అతని వెనక నిలబడి, బొటనవేలూ చూపుడువేలూ కళ్ళ చుట్టూ సున్నాలు చుట్టి జూలీ కళ్ళద్దాలు పెట్టుకుని, పంచె ఎగ్గట్టి నడుం ఒక్కసారి ఊపాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి నడుం ఊపగా ఆమె చూసిందే లేదు. ఒక పన్ను ఊడిన సందు కనబడేలా నవ్వేసింది. క్లిక్కుమంది.

ఆ నవ్వే ధర్మపురి గోడలకెక్కింది. అంజనప్ప గురువు చెప్పినది తు.చ. తప్పకుండా పాటించాడు. పేరు లేదు, మాట లేదు, ఉత్త మొహం. తెల్లవారుజామున తానూ మాదేశ్వరనూ బంక బకెట్టు పట్టుకుని బస్టాండు గోడలన్నీ ముగించారు.

పాపం, చెన్నై గురువుకు ధర్మపురి గోడల శాస్త్రం తెలియదు. ఇక్కడ గోడ మీద మొహం కనబడటానికి పద్ధతులున్నాయి. నాయకుడి పుట్టినరోజైతే కింద భక్తుల మొహాలు వరసగా ఉంటాయి. పెళ్ళికీ, పిల్ల పెద్దమనిషి కావడానికీ మేనమామల పేర్లు ఊరేగుతాయి. నడివయసు దాటిన ఆడమనిషి ఒంటరిగా గోడ మీదికి ఎక్కిందంటే దానికి ఒకటే అర్థం. అక్షరాలు లేకపోవడం చూసి, ఇంటివాళ్ళకు దుఃఖంలో మాట రాలేదు కాబోలు అని జనం మరింత కరిగిపోయారు.

పొద్దెక్కేసరికి సందులోకి పూలదండలు రాసాగాయి. హరూర్ బస్సు దిగినవాళ్ళు, బొమ్మిడి నుంచి పని మీద వచ్చినవాళ్ళు, ఎన్నడో తమ ఇంటి చావులో ఆమె చేతి గంజి తాగినవాళ్ళు. సావు తప్పెట వాయించేవాళ్ళు కూడా వచ్చి, పిలుపు అందలేదని నొచ్చుకున్నారు. పక్కింటి పచ్చయమ్మాళ్ కూతురి ఇంటి నుంచి అప్పుడే బస్సు దిగి, గోడ చూసి, రొమ్ము బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నేరుగా వాకిట్లోకి వచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మిరపకాయలు వేయిస్తున్న మనిషి భుజం మీద పడి ఏడ్చింది. ఆ మనిషి ముక్కు గుడ్డ విప్పింది.

"ఓసి పాపీ! ఉండావా!" అని పచ్చయమ్మాళ్ ఆమె వీపు మీద రెండు చరిచి, మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు రకం.

వచ్చినవాళ్ళందరికీ పుట్టమ్మ రాగి ముద్ద పెట్టింది, పొడి వేసింది. వడ్డించే సాకుతో జనం మధ్య తిరిగింది. ఒక్కొక్క మొహం ముందూ ఆగి, "నువ్వు ఫలానా ఇంటోనివి కదా నాయినా? నీ పిల్లకిప్పుడు ఒళ్ళు బాగుండాదా?" అని అడిగింది. కొందరు నవ్వుతూ, కొందరు "పొడి అమ్ముకోనీకి పెండ్లాన్ని సంపేసినాడు, వీడూ ఒక మొగుడే" అని తిట్టుకుంటూ వెళ్ళారు. ఎవరూ పొట్లం కొనకుండా మాత్రం వెళ్ళలేదు.

సాయంత్రం గిన్నెలు తోముతూ పుట్టమ్మ, "చూసినావా? సందు పట్టలేదు" అంది.

"చూసినా. దీన్నే పబ్లిసిటీ అంటారు" అన్నాడు అంజనప్ప.

ఇద్దరూ ఆనందంగానే ఉన్నారు. ఇద్దరి ఆనందమూ ఒకటే అనుకోవడం అంజనప్ప చేసిన పొరపాటు.

పుట్టమ్మ పొడి పేరు ఊరి పొలిమేర దాటింది. ప్లాస్టిక్ పాకెట్టు వచ్చింది, చిలకపచ్చ రంగు వచ్చింది. మాదేశ్వరన్ బామ్మరిది ఒకడు పెళ్ళి పాటకచ్చేరీలో కీబోర్డు వాయించేవాడు. వాడు రెండు గుక్కల మోత కట్టి చివర ఒక చప్పట్ల దెబ్బ పెట్టాడు. ఆటోలో అది మోగితే చాలు, ఆడవాళ్ళు చిల్లర పట్టుకుని గడప దాటేవారు.

అలాంటి రోజుల్లో పుట్టమ్మ ఎప్పటిలాగే కుండ నెత్తిన పెట్టుకుని ఒక సావింటికి వెళ్ళింది. లోపల శవం ఉంది, ఏడుపులు ఉన్నాయి. ఒక చంటిది ఆమెను వేలెత్తి చూపించి "పొడమ్మా!" అంది. ఏడుస్తున్నవాళ్ళలో ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. మరునాడు ఒక మెస్సు యజమాని అంజనప్పను పక్కకు పిలిచి, "అన్నా, నీ పాకెట్టు మీది మొహం నిన్న పీనుగ పక్కన కూసోనుండాదంట. తినేవాళ్ళు ముద్ద దిగదంటాండారు" అన్నాడు.

అంజనప్పకు గురూపదేశం గుర్తుకొచ్చింది. ఎక్కడపడితే అక్కడ కనబడకూడదు.

"ఇంక సావులకు పోవద్దు" అన్నాడు ఇంటికొచ్చి.

పుట్టమ్మ పొయ్యి మీది మూకుడు దించింది. "పోకుంటే ఎట్లయ్యా? నేను పోకుంటే నాకెవరొస్తారు?"

"ఊరంతా నీ మొహమే ఉండాది. ఎవరొస్తారని అడుగుతాండావే!"

"మొహం నాదా, నీదా?"

"కంపెనీది" అన్నాడు అంజనప్ప. ఆ కంపెనీకి ఒక మూకుడూ, ఒక జల్లెడా, ఆయనా తప్ప వేరే డైరెక్టర్లు లేరు. అయినా ఆ మాట ఆయన నోటికి ఎంతో నిండుగా అనిపించింది.

ఆమె సావులకు పోవడం మానుకుంది. మొదట్లో గంజి కుండ శాలిని చేత పంపేది. శాలిని కాలేజీ ముగించుకుని ఉద్యోగానికి పోయాక పచ్చయమ్మాళ్ చేత పంపేది. పచ్చయమ్మాళ్ మోకాళ్ళు పట్టేశాక కుండ అటక ఎక్కింది. వీధుల్లో కొత్తగా కాపురాలకొచ్చిన కోడళ్ళకు పుట్టమ్మ అంటే పాకెట్టే. పాతవాళ్ళు, "పెద్దదైపోయింది, ఇంక మన ఇండ్లకేమొస్తాది" అనుకున్నారు. ఎక్కడైనా తప్పెట వినబడితే ఆమె చేతిలో గరిటె ఆగేది. ఎవరింట్లోదో అని గోడకు చెవి పెట్టి పోల్చుకునేది. తరవాత మళ్ళీ పొగలో కూర్చునేది. వేయించే మూకుళ్ళు రెండయ్యాయి, దగ్గు రెండింతలయింది.

రెండు వేల ఎనిమిదిలో డాక్టరు ఆమె ఊపిరితిత్తుల నిండా పొగేనని చెప్పాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. చివరి రోజుల్లో ఆమె మాటలు తగ్గించేసింది. ఒక పొద్దున అంజనప్ప నీళ్ళు తాగిస్తుంటే చెయ్యి పట్టుకుని, "సీక్రం చెప్పు అందరికీ. పొద్దెక్కితే పనులకు పోతారు" అంది. ఎవరికి ఏమి చెప్పాలో ఆయనకు అర్థమయ్యేలోపే ఆమె వెళ్ళిపోయింది.

అంజనప్ప ఏడవడానికి కూడా ఆగలేదు. షామియానా వేయించాడు. సందు మొదటి నుంచి చివరి దాకా అద్దె కుర్చీలు పరిపించాడు. జనం వస్తారు, పట్టరు, నిలబడాల్సి వస్తుంది. పోస్టరుకు ఫోటో కావాలంటే శాలిని పెట్టెలన్నీ వెతికింది. పెళ్ళి ఫోటో చెమ్మకు పోయింది. రేషను కార్డులో ఆమె మొహం గోరంత. ఉన్నది ఒకటే, పన్ను ఊడిన నవ్వుతో, చిలకపచ్చ చీరలో. ఒకటే ఫోటో అన్న నియమాన్ని అంజనప్ప అంత నిష్ఠగా పాటించాడు మరి. ఈసారి కింద కన్నీటి అంజలి అని అక్షరాలున్నాయి, తేదీ ఉంది. కానీ మొహం చూస్తే చాలాలి, అక్షరాలు చదివే పని ఉండకూడదు అన్నాడు కదా గురువు. ఆ పాఠాన్ని ధర్మపురి ప్రజలు క్షుణ్ణంగా నేర్చుకున్నారు. ఎవరూ చదవలేదు.

మాదేశ్వరన్ కళ్ళు తుడుచుకుంటూ ఆటో తీశాడు. మైకు పట్టుకుని, మాట మొదలుపెట్టే ముందు అలవాటు కొద్దీ వేలు మీట మీద పడింది. రెండు గుక్కల మోత, చప్పట్ల దెబ్బ. వీధి వీధంతా చిల్లర పట్టుకుని బయటికి వచ్చింది.

"పొడి కాదమ్మా! అమ్మ పోయింది. పుట్టమ్మ పోయింది!"

"పోయిన తూరి కూడా ఇట్లే పోయింది కదా" అని ఒకామె నవ్వింది. "రెండు పాకెట్లు ఇయ్యి."

"సత్తెంగా చెప్తాండా, నా బిడ్డల మీద ఆన!"

"అబ్బా, మాదేశన్నా, ఏడుపు కూడా బాగా నేర్చినావే!"

టీ అంగడిలో గోడకు అంటించిన పోస్టరు చూసి ఒకాయన, "మళ్ళా సంపేసినాడు పెండ్లాన్ని. ఈసారి ఏమి, కొత్త పాకెట్టు వస్తాండాదా?" అన్నాడు. అందరూ నవ్వి, గ్లాసులు దించి, పనులకు పోయారు. మాదేశ్వరన్ ఒక మలుపులో ఆటో ఆపి, క్యాసెట్టు పీకి కాలవలోకి విసిరేశాడు. అప్పటికే ప్రతి వీధిలోనూ వేలు మీట మీద పడి, ఆ మోత ఊరంతా తిరిగి వచ్చింది.

అంజనప్ప సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. పిక్కిలి నుంచి తమ్ముడివాళ్ళు వ్యానులో వచ్చారు. పచ్చయమ్మాళ్ గోడ పట్టుకుని మోకాళ్ళీడ్చుకుంటూ వచ్చి, పుట్టమ్మ తల దగ్గర కూర్చుని, లేవలేదు. ఇరుగుపొరుగు నాలుగిళ్ళవాళ్ళు వచ్చారు. ఆ తరవాత ఎవరూ రాలేదు. ఎండ కుర్చీల మీదికి వచ్చింది. అంజనప్ప ఒక కుర్చీని నీడలోకి జరిపాడు. కాసేపు చూసి ఇంకొకటి జరిపాడు. వరసంతా అలా జరిపి, మళ్ళీ సందు మొదటికి వెళ్ళి నిలబడ్డాడు.

"నాయినా, ఇంక ఎత్తుదాము" అంది శాలిని.

"ఉండమ్మా. హరూర్ బస్సు రానీ."

హరూర్ బస్సు వచ్చింది. జనం దిగారు, గోడ మీది నవ్వు వంక చూశారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పాడెకు భుజాలు చాలలేదు. తమ్ముడు, మాదేశ్వరన్ ముందు పట్టారు. వెనక పట్టినవాళ్ళు కుర్చీలు తిరిగి తీసుకుపోవడానికి వచ్చిన అద్దె అంగడి మనుషులు. వాళ్ళకు పుట్టమ్మ పేరు తెలుసు. పాకెట్టు మీద చదివారు.

నిజం ఊరికి మెల్లగా తెలిసింది. ఒకరొకరుగా అంగడికి వచ్చి, తల వంచుకుని, "అన్నా, మేము అట్లనుకోలేదు" అన్నారు. అంజనప్ప ఎవరినీ ఏమీ అనలేదు. అనవలసిన మనిషి ఎవరో ఆయనకు తెలుసు, ఆ మనిషి అద్దంలో రోజూ కనబడుతూనే ఉన్నాడు. పాకెట్టు మీద నుంచి మొహం తీసేయించాడు. పొడి రుచి మారిందని కొందరు ఫిర్యాదు చేశారు.

కొన్నాళ్ళకు వెనక వీధిలో తప్పెట వినిపించింది. ఎవరో మగ్గం నేసే ముసలాయన. అంజనప్ప అటక మీది కుండ దించి కడిగాడు. గంజి కాచడం ఎన్నడూ ఎరగడు. ఉండలు కట్టింది, ఉప్పెక్కువైంది. కుండ నెత్తిన పెట్టుకోవడం చేతకాక చంకలో పెట్టుకుని వెళ్ళాడు. వాకిట్లోవాళ్ళు ముందు ఆయన చేతుల వంక చూశారు, పాకెట్లేమైనా తెచ్చాడేమో అని. మైకు ఆటో వెనక వస్తోందేమో అని ఒకడు వీధి చివరి దాకా తొంగి కూడా చూశాడు.

అంజనప్ప ఏడుస్తున్న ముసలామె ముందు గ్లాసు పెట్టి, చాప చివర, గోడ పక్కన కూర్చున్నాడు. పక్కనున్న పెద్దాయన కాసేపు ఓర్చుకుని అడిగాడు.

"నువ్వు ఎవరి తట్టు, నాయినా?"

"పుట్టమ్మ మొగుణ్ని."

"ఏ పుట్టమ్మ? పొడి పుట్టమ్మా?"

"కాదు" అన్నాడు అంజనప్ప. "సావులకొచ్చే పుట్టమ్మ."

పెద్దాయన ఆయన మొహం వంక చూశాడు. చాప మీద కొంచెం జరిగి, చోటిచ్చాడు.